మామయ్య పోసిన మూడో గ్లాసు

మేముండే కౌలాలంపూర్‌లో ఒక హోటల్‌వాళ్లు వైన్ రుచి చూడటం నేర్పుతామంటే మూడు శనివారాలు వెళ్లాను. చివర్లో సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ కాగితం ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఎవరికీ మనశ్శాంతి లేదు. పొద్దున్నే టీ గ్లాసును కూడా గుండ్రంగా తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకునేవాణ్ణి. "తాగితే తాగండి, లేకపోతే పారబోస్తాను" అనేది మా ఆవిడ.

అలాంటి నాకు బాగన్ దాతుక్ అనే ఊరి నుంచి మరదలు ఫోన్ చేసింది. మా ఆవిడ పెదనాన్న కూతురు. వాళ్లకు అక్కడ కొబ్బరి తోట ఉంది. కల్లు గీయించి, ఆదివారాల్లో కార్లేసుకుని వచ్చేవాళ్లకు చెట్ల కింద కల్లూ, పీతల కూరతో భోజనమూ పెడతారు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ కల్లు డబ్బా అయినా ఇంటి పెద్ద ముందుగా ఒక గుక్క తాగి సరే అంటేనే బల్ల మీదికి వెళ్లాలి. ఆ పెద్ద మరదలి నాన్న, నాకు మామయ్య.

"బావా, పోయినేడు జొరమొచ్చినకాడి నుంచి నాన్నకి రుచి తెలీడం లేదు. ఒప్పుకోడు లా. పోయిన వారం పాడైపోయిన కల్లు సరే అనేసినాడు. వచ్చినోళ్లు సగం తాగి ఒగ్గేసి పోయినారు. ఇలాగయితే ఇంకెవులొస్తారు? ఆ పని నాకిమ్మంటే ఇనడు. నువ్వు అల్లుడివి, నేర్సుకున్నోడివి. ఆయన ముందర తాగి, బాగోలేదని ఒక్క మాట సెప్పు సాలు" అంది, ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం మధ్యలో ఒక "లా" తగిలిస్తూ.

నా ముక్కుకు అంత గౌరవం అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. సర్టిఫికెట్ కూడా కారులో పెట్టుకున్నాను. మా ఆవిడ చూసి, తల కొట్టుకుని పక్క సీట్లో కూర్చుంది.

ఆదివారం తోటకు చేరగానే మామయ్య నన్ను చెట్టు నీడలో బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. పాకలో వరసగా పెట్టిన తెల్ల డబ్బాల్లోంచి తనే మూడు గ్లాసులు నింపి తెచ్చాడు. "ఇది ఈ పొద్దుటిది, తియ్యగుంటాది. ఇది రాత్రిది. ఇది నిన్న పొద్దుటిది, గట్టిది" అని చెప్పి, మూడింట్లోనూ తానొక గుక్క తాగి, "బాగున్నాది" అన్నాడు.

మొదటి రెండూ నిజంగానే బాగున్నాయి. తిప్పాను, వాసన చూశాను, పక్క బల్లవాళ్లకు వినబడేలా నాలుగు ముక్కలు మాట్లాడాను. మూడోది ముక్కు దగ్గరికి రాగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. గుక్క మింగితే గొంతు మండిపోయింది. బాగోలేదని చెప్పాల్సిన క్షణం సరిగ్గా అదే. పీతల పళ్లెం పట్టుకుని మరదలు నా వైపే చూస్తోంది. పక్క బల్లవాళ్లు కూడా ఇటు తిరిగారు. గట్టి కల్లంటే ఇలాగే ఉంటుందేమో, మొహం చిట్లిస్తే నా చదువు ఏపాటిదో బయటపడిపోతుందేమో అని భయం పట్టుకుంది.

"ఏటల్లుడా, ఎలాగున్నాది?" అన్నాడు మామయ్య.

"దీంట్లో లోతుంది మామయ్యా. మూడింట్లో ఇదే మేలైనది" అన్నాను. అని ఊరుకోకుండా గ్లాసు సగం ఖాళీ చేశాను.

మామయ్య కూతురి వైపు చూశాడు. మరదలు పళ్లెం బల్ల మీద పెట్టి పాకలోకి వెళ్లింది. కాసేపటికి ఒక తెల్ల డబ్బాతో తిరిగొచ్చింది. "ఉల్లిపాయల్లోకని కల్లు పులియబెట్టి దాసిన వెనిగర్ ఇది. ఇందులోంచి ఎవులు తీసినారు?" అంది.

మా ఆవిడ నా గ్లాసు అందుకుని, ఒక్కసారి వాసన చూసి, చెల్లెలి ముందుకు జరిపింది. "మీ బావ మెచ్చింది ఇదే" అంది.

మామయ్య ఆ డబ్బా అందుకుని, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నాకు రుచి తెలీడం లేదల్లుడా. ఏడాదైంది. సెప్పేస్తే ఈ తోటలో నాకింకేటి పనుంటాదని సెప్పలేదు. తెలీక బాగున్నాదన్నాను. మరి నీ నాలుక్కేటైంది?"

"నాకు తెలిసింది మామయ్యా. చెప్పడానికి సిగ్గేసింది."

"నాకూ అంతే" అన్నాడు ఆయన.

తర్వాత అప్పుడే దించిన కల్లు గ్లాసులో పోసి, కూతురి చేతికిచ్చాడు. "ముందు నువ్వు తాగు." ఆమె కళ్లు తుడుచుకుని తాగింది. "ఎలాగున్నాదో సెప్పు" అని అడిగాడు.

"తియ్యగున్నాది నాన్నా. కానీ పల్చగున్నాది."

మామయ్య తలెత్తి చెట్లకేసి చూశాడు. "మొన్న వాన పడ్డాది కదా. రెండ్రోజులు అలాగే ఉంటాది, అందరికీ పొయ్యి" అన్నాడు.

భోజనంలో పీతల కూర వేసుకున్నాను. అందరూ లొట్టలేస్తున్నారు. మామయ్య నా వైపు తిరిగి, కూరెలాగున్నాదని అడిగాడు. వెనిగర్ దెబ్బకి నా నాలుక మొద్దుబారిపోయి ఉంది.

"తెలీడం లేదు మామయ్యా" అన్నాను.

ఆయన తన విస్తరి కొంచెం జరిపి చోటిచ్చాడు. "అయితే ఇలాగొచ్చి నా పక్కన కూకో లా" అన్నాడు.