అత్త బొట్టుబిళ్ళ కింద

నా చిన్నప్పుడు, పదకొండేండ్ల వయసుల, ఒక మనిషి మీద పగ పట్టిన. ఆమె పరాయిది కాదు, మా సొంత మేనత్త. పిల్లలకు పగలేంది, రెండు రోజులకు మర్చిపోతరు అంటరు గదా, అది వట్టి మాట. నేను మర్చిపోలే.

అప్పుడు మాదాపూర్‌ల అద్దాల బిల్డింగులు ఇంకా లేస్తున్నయి. బండలు పేల్చిన చప్పుడుకు మా వంటింట్ల గిన్నెలు గలగలమనేవి. భూములకు రేటు రాంగనే మా అత్త కొత్తగూడల రెండంతస్తుల ఇల్లు కట్టించింది. మా ఇంట్ల ఆమె మాటంటే మాటే. మా నాయనకు పెద్దక్క, ఎదురు చెప్పేటోళ్ళు లేరు.

అంతకు ఏడాది ముందు నా కుడిచేతి కణుపుల మీద బియ్యపు గింజంత తెల్లమచ్చలు లేచినయి. అమ్మ దవాఖానకు తీస్కపోతనన్నది. అత్త పోనియ్యలే. ఆడపిల్ల, నలుగురికి తెలిస్తే ఎట్ల అని, ఎక్కడిదో పసరు తెచ్చి దగ్గర కూసొని నాతోనే రుద్దించింది. ఆ పసరుకు తోలు కాలి బొబ్బలెక్కింది. బొబ్బ మానిన చోటల్లా తెల్లదనం పాకింది. ఒక ఏడాది అట్లనే పోయింది.

గృహప్రవేశం నాడు కొత్త లంగా జాకెట్టు వేసుకొని, కుంకుమ భరిణె పట్టుకొని గుమ్మం కాడ నిలబడ్డ. వచ్చిన ముత్తైదువలకు బొట్టు పెట్టుడు ఇంటి ఆడపిల్లల పని. ఇద్దరికి పెట్టిన. మూడో ఆమెకు పెట్టబోతుంటే అత్త వచ్చి భరిణె గుంజుకున్నది. "గా చెయ్యితోని బొట్టు పెడ్తవా? పో, ఎనక కూసో" అన్నది. అందరూ విన్నరు. మా నాయన గూడ విని తల దించుకున్నడు. నేను చెప్పులు విడిచిన కాడ కూసొని, బువ్వ ముట్టకుండ, నీకు బుద్ధి చెప్పకపోతే నా పేరు మార్చుకుంట అని ఒట్టు పెట్టుకున్న.

మా మేడ మీద గదిల ఒక నర్సక్క కిరాయికి ఉండేది. గుంటూరు దిక్కు నుంచి వచ్చిన క్రైస్తవురాలు. ఆ సాయంత్రం మెట్ల మీద ఏడుస్తున్న నన్ను లోపలికి పిలిచి, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నది. ఏడాదిల ఆ చెయ్యి పట్టుకున్న మొదటి మనిషి. ఇది బొల్లిలా ఉంది, ఎవరికీ అంటదు అని చెప్పింది. సున్నమంత తెలుపు, చుట్టూ గీసినట్టు అంచు, పొలుసు రాలదు, నొప్పి ఉండదు, దురద కూడ చాలామందికి ఉండదు. ఒరుసుకున్న చోట, దెబ్బ తగిలిన చోట తొందరగా వస్తది. మచ్చల ఉన్న వెంట్రుక గూడ తెల్లబడొచ్చు. దూది తగిలిస్తే మాత్రం తెలుస్తది; పెద్దరోగం, అంటే కుష్ఠు మచ్చ అయితే చాలాసార్లు తెలువది. ఇవన్నీ నాకు ఒక్కొక్కటి చూపించి, మా అమ్మను ఒప్పించి, నన్ను చర్మం డాక్టరు కాడికి తీస్కపోయింది; ఆయన గూడ బొల్లే అన్నడు.

అప్పటికే అతికించే బొట్టుబిళ్ళలు మా దిక్కు గూడ ఇంటింటికీ వచ్చినయి. కుంకుమ చెమటకు కారుతదని ఆడోళ్ళందరూ బిళ్ళలకు మారిన్రు. పండుకునేటప్పుడు తీసి అద్దానికి అతికించుడు, పొద్దున మళ్ళ అదే పెట్టుకునుడు. మా అత్త బిళ్ళ మాత్రం నెలనెలకూ పెరుగుతుండె. కందిగింజంతది కాస్తా పావలా అంతయింది, ఆనక రూపాయంత. ఒకనాడు మా ఇంట్ల పూరీలు కాలుస్తుంటే చెమటకు బిళ్ళ పక్కకు జారింది. కింద తెల్లటి వంపు కనిపించింది. సున్నమంత తెలుపు, గీసినట్టు అంచు.

నేను మెట్లు రెండేసి ఎక్కి పోయి, "అక్కా, అత్తకు గూడ వచ్చింది!" అని ఎగిరిన. అవును, సంతోషంతోనే ఎగిరిన. శ్రావణ శుక్రవారం పేరంటంల అందరి ముందట ఆ బిళ్ళ పీకుతనని చెప్పిన.

నర్సక్క నన్ను తిట్టలేదు. కొందరికి బిళ్ళ జిగురు పడక గూడ ఇట్ల అవుతది, ఏదైంది డాక్టరే చెప్పాలె, కాని మచ్చను దాచాలని ఇంకా పెద్ద బిళ్ళ పెడితే ఇంకా పెరుగుతది, ఇప్పుడే ఆపితే రంగు తిరిగి రావొచ్చు అన్నది. "పీకితే నీ కసి అయిదు నిమిషాల్లో అయిపోతుంది అమ్మలూ. ఆవిడ్ని నా గదికి తీసుకురా. చూసేది నువ్వే, చెప్పేదీ నువ్వే" అన్నది.

కిందికి పోయి అత్త చెవిల, నీ బిళ్ళ కింది సంగతి నాకు తెలుసు, పైకి రా అన్న. ఆమె కొంగుతోని చేతులు తుడుచుకొని నా ఎనకాల వచ్చింది.

తలుపు మూసి నర్సక్క దూదిపోగు నా చేతికే ఇచ్చింది. అత్త కండ్లు మూసుకున్నది. నా మచ్చల వేళ్ళు ఆమె నుదురు మీద ఆన్చి దూది తాకించిన. "తెలుస్తుంది... తెలుస్తుంది" అన్నది అత్త. "పెద్దరోగమా బిడ్డా? నీ చెయ్యి తగిలే వచ్చిందా?" అని అడిగింది.

జవాబు నాకు తెలుసు. చెప్పలే. ఆమె కండ్లు తెరవకుండనే ఏడుస్తుంది, నేను చూస్తున్న. నర్సక్క చెప్పమనలే, వద్దనలే. మూడు నిమిషాలుంటదేమో.

అప్పుడు అన్న: "కాదత్తా. తాకితే తెలుస్తుంది గదా, అది కాదు. ఇది నీ నుంచి ఎవరికీ అంటదు, నా నుంచి నీకూ అంటలే. ఇగ బిళ్ళ పెట్టకు. రేపే డాక్టరు కాడికి పో." డాక్టరుగారు చూసి ఖాయం చేయాలండీ అని నర్సక్క గూడ అన్నది. తలుపు కాడికి పోయినంక నేను ఇంకో మాట చెప్పిన. "శుక్రవారం పేరంటంల గంధం నేనే పెడ్త. మొదలు నీకే."

శుక్రవారం నాడు మా అత్త ఆడోళ్ళందరి నడుమ కూసొని గొంతు ముందుకు పెట్టింది. నేను తొందరపడలే. ఆ చెయ్యితోనే, అయిదు వేళ్ళూ అందరికీ కనపడేటట్టు, నిదానంగా గంధం రాసిన. తర్వాత వరసల ఒక్కరూ వద్దనలే.

డాక్టరు గూడ జిగురు వల్లనే అన్నడు. బిళ్ళలు మానినంక ఏడాదికి ఆమె నుదురు రంగు తిరిగింది. నాది మోచేతి దాక పోయింది, పెదవి పక్కకు గూడ వచ్చింది. ముందే చూపిస్తే ఆగేదా అంటే ఖాయంగా చెప్పలేనన్నడు. ఆగేదేమో. ఆ ఏడాది నాది, దాన్ని ఆమె తిన్నది. ఆమె ఇప్పుడు పండుముసలి, నన్ను చూస్తే చాలు కండ్లల్ల నీళ్ళు పెట్టుకుంటది. నేను మాత్రం క్షమించలే.

కాని ఆనాటి నుంచి ఎవరి ఒంటి మీదైనా అట్లాంటి మచ్చ కంటబడితే నా నోరు ఆగదు. మొన్న ఆఫీసుల నా మీద చాడీలు చెప్పి తిరిగే ఒకామె కనుబొమ్మ పక్కన తెల్లగా కనిపించింది. పక్కకు పిలిచి, ఈ వారమే చూపించుకో అని చెప్పిన. ఆమె నన్ను పట్టుకొని ఏడుస్తుంటే ఓదార్చిన. లోపల నాకు ఎంత హాయిగా ఉండెనో దేవుడికే తెలుసు.