తేరిన నీళ్లు

మార్టూరులో మా అన్నయ్యకు చిన్న గ్రానైట్ యూనిట్ ఉంది. ఏటా మే నెలలో బోరు ఎండిపోయి, బ్లేడును చల్లబరిచే నీళ్లు లేక రాయి కోసే యంత్రం ఆగిపోయేది. పనివాళ్లు వేరే ఊళ్లకు వెళ్లిపోయేవారు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. కోతకు వాడిన బురదనీటిని బయటికి వదలకుండా, వరుస గుంటల్లో తేర్చి మళ్లీ వాడుకుందామని ప్రతిపాదించాను.

"ఏమే చదువులమ్మా, ఆ బురదకి నా బ్లేడు పోతే కొత్తది నువ్వు కొనిస్తావా?" అన్నాడు అన్నయ్య. అయినా గుంటలు తవ్వించాడు.

చివరి గుంటలో నీరు అడుగు కనిపించేంత తేటగా నిలిచింది. ఆ ఏడాది మే నెలలో చుట్టుపక్కల బోర్లు ఎండినా మా యంత్రం ఆగలేదు. పనివాళ్లెవరూ ఊరు విడవలేదు. కళాశాలలో కంఠస్థం చేసిన 'సుస్థిరత' అనే మాటకు అర్థం ఆ యంత్రం హోరులోనే నాకు బోధపడింది.

పక్క యూనిట్ యజమాని గుంటలు చూడటానికి వస్తే, అన్నయ్య యంత్రం చప్పుడును మించి అరిచాడు: "నన్నడుగుతావేంట్రా? మా చెల్లెల్నడుగు, ఇంజనీరు ఆవిడే!"