హనోకన్న ఎడమచేతి కీబోర్డు

బోధన్‌లో కరెంటు ఎటు పోవాలన్నా ముందు హనోకన్నను అడిగే పోయేది. ఇది నేను కళ్లారా చూశాను. కరెంటు మాట వింటుంది గానీ మనుషులు వినరని ఆయన బాధ. అందుకే ఆయనకో జబ్బు పట్టుకుంది. బస్టాండు దగ్గరి తన రేడియో రిపేరు దుకాణంలో ఏ పనినీ తాను ముగించడు. అంతా విప్పి, సరిచేసి, చివరి అతుకు దగ్గర వేడివేడి సోల్డరింగ్ కడ్డీని ఎదుటివాడి చేతిలో పెట్టేస్తాడు.

"పట్టు, నువ్వే పెట్టు."

ఓసారి పెంటవ్వ రేడియో తెచ్చింది.

"పట్టవ్వా, గీ తీగ నువ్వే అంటివెట్టు."

"నేను రేడియో బాగు చేపిచ్చుకోనచ్చిన్నా, బడిల షరీకయ్యేతందుకు అచ్చిన్నా?"

"రెండింటికీ అచ్చినవవ్వా."

ముప్పావుగంటకు పెంటవ్వ అతుకు పెట్టింది. అప్పటినుంచి ఆమె వాడకట్టులో ఏ రేడియో మూగబోయినా పెంటవ్వే విప్పి చూసేది. హనోకన్న గిరాకీ అట్లా పోయింది. ఆయన మాత్రం కొడుకు పట్నంలో నౌకరీ కొట్టినంత సంబరపడ్డాడు. నేనా? తొమ్మిదో తరగతిలో బడి మానేసి, చాయ్ తాగుదామని ఆ దుకాణంలో అడుగుపెట్టి, మళ్లీ బడిలో పడ్డవాణ్ని.

తొంభై తొమ్మిదిలో మా దోస్తు దేవిదాస్ చెయ్యి బెల్లం గానుగలో పడింది. కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది. వాడు నిజామాబాద్‌లో రాజమల్లు సేటు ప్రెస్సులో పెళ్లికార్డులు టైపు చేసేవాడు.

"పెండ్లిల సీజను నెత్తిమీదున్నది" అన్నాడట సేటు. "పదిహేను దినాలు సూస్త. గంటకు ఆరు కార్డులు కొట్టకుంటే ఇంకొకన్ని పెట్టుకుంట."

ఆనాటినుంచి దేవిదాస్ ఆ చేతిని ప్యాంటు జేబులోంచి తీయడం మానేశాడు. మా ముందర కూడా.

"గంతేనా? ఎడమచేతికి సరిపోయే కీబోర్డు చేద్దాం" అన్నాడు హనోకన్న.

"గవి కంపెనీలు చేస్తయన్నా" అన్నాను నేను.

"కంపెనీలల్ల మీద్కెళ్లి దిగినోళ్లు పనిచేస్తున్రా? రేపటి సంది అందరు రాండ్రి."

అందరూ అంటే దేవిదాస్, నేను, దుకాణం చుట్టూ తిరిగే ఇంకో ఐదుగురు, మొత్తం ఏడుగురం. మొదట హనోకన్న దేవిదాస్ ఎడమ అరచేతికి పసుపు పూసి, వేళ్లు చాపించి అట్ట మీద అచ్చు వేయించాడు. వేలు అందినంత మేరకే మీటలు. వంద పాత పెళ్లికార్డులు ముందరేసి, ఏ అక్షరం ఎక్కువగా వస్తుందో మాతో లెక్కపెట్టించి, దాన్ని చూపుడువేలి కింద పెట్టాడు. రాగిపూత బోర్డు మీద కరెంటు పోయే దారులు గోళ్లరంగుతో గీయించాడు. రాగిని తినే మందునీళ్లలో ముంచితే రంగు కింది రాగి మిగిలింది, తక్కినదంతా కరిగిపోయింది. మెదడు, అంటే ఏ మీట నొక్కామో కంప్యూటర్‌కు చెప్పే చిప్పు, మాత్రం ఓ చచ్చిన కీబోర్డులోంచి ఊడబీకాం.

"అడ్డం గీతలు కాల్వలు, నిలువు గీతలు బోదెలు. మీట నొక్కుడంటే తూము లేపుడు. ఏ తూము లేసిందో మెదడుకు ఎర్కైతది" అన్నాడు హనోకన్న.

"మూడు తూములు ఒక్కపారే లేస్తే?" దేవిదాస్ అడిగాడు.

"షాబాస్! పక్కోని బోదెలకెళ్లి ఎన్కకు మర్లి, నొక్కని అక్షరం పడ్తది. గందుకే తూము తూముకు ఒక డయోడు. అది ఒక్క దిక్కే పోనిస్తది."

ఒక వరుస డయోడ్లు నా వాటాకొచ్చాయి. నేను రెంజల్ పసుపు రైతు బిడ్డను. తూము ఎవరిదైనా నీళ్లు మన మడివైపే తిరగాలని మా ఇంటి చట్టం. వరుసంతా నావైపు తిప్పి అతికాను. గడువుకు ముందురోజు సాయంత్రం దుకాణంలోని పాత కంప్యూటర్‌కు తగిలించి చూస్తే, పెళ్లికొడుకు పేరు పడింది. పెళ్లికూతురి పేరులోని అక్షరాలన్నీ నా వరుసవే, ఒక్కటీ పడలేదు.

"ఎవడ్రా పిల్లను మాయం చేసింది?"

"నేనే అన్నా. మన దిక్కు రావాలె గదా అని..."

"కరెంటుకు మీ బాపు పొలం తెల్వది బిడ్డా. ఊడదీయి."

హనోకన్న పట్టుకుంటే పది నిమిషాల పని. కానీ రోగం రోగమే. నేను డయోడ్లు ఊడదీశాక, కడ్డీ తీసుకెళ్లి దేవిదాస్ ఎడమచేతిలో పెట్టాడు.

"పట్టు, నువ్వే పెట్టు."

"మరి బోర్డు ఎవలు పడ్తరన్నా?"

"జేబుల ఇంకోటున్నది గదా."

దేవిదాస్ కడ్డీ ఆనించాడు, బోర్డు జారింది. మెల్లగా ఆ చేతిని బయటికి తీసి, బొటనవేలితో బోర్డును అదిమి పట్టాడు. పొగ లేచింది. నిజం చెబుతున్నా, మాలో ఒక్కడూ ఆ చేతిని చూడలేదు. అతుకు మెరుస్తోందా లేదా అని మెడలు చాపి చూశాం. పద్నాలుగు రోజులుగా మా కళ్లకు ఆయన నేర్పింది అదొక్కటే.

మర్నాడు ప్రెస్సులో గంటకు ఏడు కార్డులు పడ్డాయి. రాజమల్లు సేటు కళ్లద్దాలు తుడుచుకొని మరీ చూశాడు.

"ఇది ఏ దుకాన్ల దొరుకుతది?"

"దొరకది సేటూ. నేర్సుకోవాలె" అన్నాడు దేవిదాస్, ఆ కుడిచేతినే ఊపుతూ.

వాణ్నొక్కణ్నే కూర్చోబెట్టి నేర్పితే ఆ చెయ్యి జేబు దాటేది కాదని నాకు అప్పుడు వెలిగింది. అందుకే హనోకన్న మమ్మల్నందరినీ తిడుతూ వాడి పక్కన కూర్చోబెట్టాడు. ఒక్కడి కోసం ఒక్క రేకుల దుకాణంలోంచి ఏడుగురు ఇంజనీర్లను బయటికి తీసిన మొనగాడు మా హనోకన్న! ఇంతవరకూ రాసి, ఆయనకే చదివి వినిపించాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఏడుగురు గాదు, ఆరుగురు. నువ్వింకా నేర్వలే."