ఎడమకు తిప్పితే కూసే బండి

మెట్‌పల్లిలో మా వాడకట్టుకు హెప్సిబా మొదట జాకెట్లు కుట్టే హెప్సిబా. తర్వాత బండి హెప్సిబా. ఇప్పుడు మళ్ళీ జాకెట్లు కుట్టే హెప్సిబా. ఎదురింటిదాన్ని కాబట్టి అంతా నా కళ్ళముందే జరిగింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆమె భర్త జాన్సన్ మస్కట్‌లో డ్రైవరు. వెళ్ళేటప్పుడు తన చిన్న మోటారుసైకిలును అరుగు పక్కన నిలబెట్టి, పాత దుప్పటి కప్పి, పెళ్ళానికి ఒక పని అప్పజెప్పాడు. "వారానికోసారి కిక్కు కొట్టి స్టార్ట్ చేసి జరసేపు ఉంచు. లేకుంటే బ్యాటరీ కూసుంటది." గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఇళ్ళలో ఇది మామూలే. మగవాళ్ళు అక్కడ, బండ్లు ఇక్కడ.

హెప్సిబా చెప్పినట్టే చేసింది. కొన్ని వారాలకు, ఊరికే గుడగుడమంటున్న బండిని చూస్తూ నిలబడటం ఆమెకు విసుగనిపించింది. ఎక్కి కూర్చుంది. తర్వాత వాకిట్లో ఒక చుట్టు తిప్పింది. ఆ తర్వాత చర్చి ఆవరణలో గోరింట పొదలోకి దూరీ, మోచేయి గీసుకునీ, మొత్తానికి నేర్చుకుంది. నేను పడీ పడీ నవ్వాను.

"నవ్వు అక్కా, నవ్వు. రేపు నువ్వే ఎన్క కూసుంటవు" అంది. కూర్చున్నాను కూడా.

ఆ బండికి ఒక జబ్బుండేది. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పితే హారన్ దానంతటదే కూసేది, ఆకలేసిన మేకపిల్లలాగా. లోపల ఏదో తీగ అరిగిందట. బాగు చేయించుకోమంటే, "పోనీ అక్కా, నేనొస్తున్నట్టు తెలుస్తది గద" అనేది.

బండి నడపడం వచ్చాక ఆమె చుట్టుపక్కల ఊళ్ళకు తానే పోయి కొలతలు తీసుకుని, కుట్టిన జాకెట్లు తానే ఇచ్చి రావడం మొదలుపెట్టింది. పని పెరిగింది. అంతకన్నా మనిషి మారింది. గొంతు పెరిగింది, నవ్వు పెరిగింది, ఎవరేమన్నా తల ఎత్తి చూడటం వచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం కుళ్ళుగానే ఉండేది.

ఆమె వెనక సీటు మాత్రం ప్రేమమ్మది. ప్రేమమ్మ జాన్సన్‌కు చిన్నమ్మ. చిన్నప్పుడే తల్లి పోతే అతన్ని సాకింది ఆమే. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆదివారం చర్చికి, వారం మధ్యలో ఇళ్ళలో జరిగే ప్రార్థనకూటాలకు, దవాఖానకు, అన్నిటికీ హెప్సిబానే తిప్పేది. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా ప్రేమమ్మ కళ్ళు మూసుకుని, "యేసయ్యా, నా కోడలి చేతులు కాపాడు తండ్రీ" అని గట్టిగా ప్రార్థించేది. దిగగానే హెప్సిబా తల నిమిరేది. ఆ నిమరడం నేను ఎన్నిసార్లు చూశానో.

మొన్న ఎండాకాలం జాన్సన్ సెలవు మీద వచ్చాడు. ఖర్జూరాలు పంచడం అయ్యాక అన్నాడు, "బండి రాకేశ్‌కిస్తున్న." రాకేశ్ ప్రేమమ్మ కొడుకు. పొద్దెక్కేదాకా పడుకోవడం తప్ప అతనికి వేరే పనేమీ ఉన్నట్టు నేనెరగను.

తర్వాత జరిగింది హెప్సిబాయే నాకు చెప్పింది, కుట్టుమిషను ముందు కూర్చుని, మిషను తొక్కకుండా.

"ఎందుకిస్తవు? నా పని ఎట్ల నడవాలె?" అని అడిగిందట.

"నేను స్టార్ట్ చెయ్యమన్న. నడుపుమన్ననా? ఊరంత ఏమనుకుంటుందో నీకేం ఎర్క."

"ఊరంటే ఎవలు? పేరు చెప్పు."

జాన్సన్ మాట తప్పించాడు. ఈమె వదల్లేదు. చివరికి విసిగిపోయి, ఫోన్‌లో తనకొచ్చిన ఒక వాయిస్ మెసేజ్ పెట్టి ఆమె ముందు పడేశాడు. ప్రేమమ్మ గొంతు.

"కొడుకా, నా నోటితోని చెప్పరాదు గని చెప్పకుంటే పాపం. నీ పెండ్లాం బండేసుకొని ఎక్కడెక్కడనో తిరుగుతుంది. ఎవలింటికి పోతదో, ఎప్పుడొస్తదో. గా బండి మా రాకేశ్‌కన్న ఇయ్యి, నీ పరువు దక్కుతది. నేను చెప్పిన్నని చెప్పకు..."

అప్పుడు ఆ మాటల వెనక నుంచి సన్నగా ఒక కూత వినిపించింది. ఎడమకు తిప్పిన బండి కూత. దాని వెంటే హెప్సిబా గొంతు. "అత్తమ్మా, ఎండల నడవకుండ్రి. బండి మలుపుకొని మెట్ల దాంక తెస్తున్న, ఆడనే ఉండుండ్రి!"

"ఆఁ, ఉన్న బిడ్డా! నా తల్లే!" అని పలికి ప్రేమమ్మ ఫోన్ ఆపింది.

హెప్సిబా ఇంకోసారి పెట్టమంది. జాన్సన్ పెట్టాడు. అతనూ ఆ కూత విన్నాడు. విని తల దించుకున్నాడు గానీ, "చిన్నమ్మ నా మంచికే చెప్పింది" అన్నాడు. మర్నాడు బండి రాకేశ్ ఇంటి ముందుంది. సెలవు అయిపోయి జాన్సన్ మస్కట్ వెళ్ళిపోయాడు.

"బండి పోయినందుకు గాదక్కా నా ఏడుపు," అంది హెప్సిబా. "దవాఖాన మెట్ల మీద నిలవడి చెప్పింది. కాళ్ళు కాల్తయని నేను బండి మలుపుతుంటే చెప్పింది. గా ఫోన్ పట్టిన చేతితోనే నా తల నిమిరింది." జాన్సన్ చేసినదానికన్నా అదే ఆమెను కోసింది. భర్త కోపం ఆమెకు తెలిసిందే. ప్రేమమ్మ ప్రేమను మాత్రం నిజమని నమ్మింది.

పోయిన ఆదివారం నేను వాకిలి ఊడుస్తున్నాను. ప్రేమమ్మ తెల్లచీర కట్టి, ఆ బండిని పక్కింటాయనతో నెట్టించుకుని వచ్చింది. ఆయన స్టాండు వేసి వెళ్ళిపోయాడు. తాళంచెవి బండికే ఉంది.

"బిడ్డా, రాకేశ్ ఎంత లేపినా లేస్తలేడు. చర్చికి యాళ్ళయింది. నువ్వే జర దింపరాదూ."

హెప్సిబా బైబిలు చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. తాళం తిప్పి, చెప్పు విడిచి, కాలెత్తి ఒక్క కిక్కు కొట్టింది. బండి అందుకుంది. ప్రేమమ్మ కొంగు సర్దుకుని ఎక్కబోయింది.

"నాకు స్టార్ట్ చేసుడు మటుకే చెప్పిండ్రు అత్తమ్మా," అంది హెప్సిబా. "నడుపుమన్లే." చెప్పు తొడుక్కుని, చర్చి వైపు నడిచి వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

గుడగుడమంటున్న బండి పక్కన ప్రేమమ్మ నిలబడిపోయింది. చుట్టూ చూసి, చివరికి నన్ను పిలిచింది. "దీన్ని బందు చేసుడు నీకొస్తదా బిడ్డా?"

నాకొచ్చు. రాదన్నాను.