అమ్మ కూర్చున్న పీట

లేవగానే పీటను పక్కకు ఒరిగించాలని, లేకపోతే చనిపోయినవాళ్లు వచ్చి కూర్చుంటారని అశాంటీ తెగవాళ్ల ఊళ్లలో అందరికీ తెలుసు. తల్లి పోయిన రోజు నేతగాడు క్వార్తెంగ్ మగ్గం దగ్గర ఆ పని మరిచాడు. అప్పటినుంచి మగ్గం ముందు కూర్చుంటే వెన్ను చివరి ఎముకలో ఒకటే పోటు.

“అమ్మే పట్టుకుందే అక్కా. ఇక నేత మానేస్తాను.”

“అమ్మ మీదకి తోస్తావేంట్రా! శవపేటిక మోస్తూ మెట్ల మీద కూలబడ్డావుగా, అదీ సంగతి,” అని నర్సుగా పనిచేసే అక్క సెర్వా కసిరి, ఎముక ఆనకుండా వెనకవైపు గాడి కోసిన దిండు ఇచ్చింది. “కాస్త ముందుకు వంగి కూర్చో. మధ్యమధ్య లేస్తూ ఉండు.”

మంత్రాలేవీ లేకుండానే కొన్ని వారాల్లో పోటు తగ్గింది. మగ్గం మళ్లీ ఆడింది. కానీ పోటుతో పాటు అమ్మ కూడా వెళ్లిపోయినట్టు, వెనక ఎవరూ లేనట్టు క్వార్తెంగ్‌కు అనిపించింది. ఆ సాయంత్రం లేచి, పీటను ఒరిగించకుండానే ఇంటికి వెళ్లాడు. ఈసారి మరిచిపోయి కాదు.