మా నందిని ఆడిషన్లు: పొద్దున పెనుకొండ, మధ్యాహ్నం ధర్మవరం

హిందూపురంలో మా అన్నకు ఇనుప సామాన్ల అంగడి. శనివారం భజనలో హార్మోనియం వాయించేదీ ఆయనే. కూతురు నందినికి పాట వచ్చింది కూడా ఆ హార్మోనియం పక్కన కూర్చునే. ఇంటర్ కాగానే సంగీతం కాలేజీలోనే చేరతానని పిల్ల పట్టుబట్టింది. పెనుకొండలో ఒకటి, ధర్మవరంలో ఒకటి చిన్న కాలేజీలున్నాయి. పాడించి చూసి సీటిస్తారు. తోడు పొమ్మంటే మా అన్న, "నేనొస్తే పాపకంటే నాకే ఎక్కువ వణుకొస్తాది, నువ్వు పోరా" అన్నాడు. అలా చిన్నాయననైన నేను బయల్దేరాను.

పొద్దున ఏడింటికి బస్సెక్కితే గంటకు పెనుకొండ. అక్కడి సారు రెండు కీర్తనలు పాడించుకున్నారు. నందిని పై స్థాయికి ఎక్కిందంటే మా భజనలో చప్పట్లే చప్పట్లు. సారూ అలాగే పొంగిపోయి, "ఇంత పైకి పోయే గొంతు ఈ పక్క యాడుండాది? సీటు ఇచ్చినట్టే" అన్నారు. నాకు అక్కడే చేర్పించేద్దామనిపించింది.

అయినా ధర్మవరం వాళ్లకూ వస్తామని మాటిచ్చాం కదా అని రైల్లో వెళ్లాం. ముప్పావు గంట, టికెట్టూ చవకే. స్టేషన్ బయట ఆటో ఆయన, "పాటల కాలేజీనా? మగ్గాల వీధిలో ఉండాది, ఎక్కండి" అని నేరుగా గుమ్మం ముందు దించాడు.

అక్కడి మేడమ్ ఒక్క కీర్తన సగంలోనే ఆపించారు.

"ఎవురమ్మా నీకు నేర్పింది?"

"మా నాయన, మేడమ్."

"అదీ సంగతి. మగవాళ్లకు కుదిరే శ్రుతిలో, వాళ్లకంటే ఒక స్థాయి పైన పాడుతాండావు. పైకి పోయినప్పుడు గొంతు నొస్తాది కదా?"

నందిని తలూపింది. మేడమ్ శ్రుతిపెట్టెను ఆడగొంతుకు కుదిరే ఐదు శ్రుతికి మార్చి, తను పాడి, మొదటి పాఠం నుంచి పాడించారు. గొంతు మెత్తగా, నిండుగా వచ్చింది. ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల గొంతు నేనెప్పుడూ విననట్టే ఉంది. నాకు కళ్లు చెమర్చాయి. "చేరితే మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాల. ఇష్టమైతేనే రా" అన్నారామె.

బయటికొచ్చి నందిని ఏడ్చింది. "ఈడనే చేరతా చిన్నాయనా. గొంతు నొయ్యలేదు. కానీ నాయనకేమని చెప్పేది? ఆయన నేర్పిందే తప్పంటే తట్టుకుంటాడా?"

గురువును వెతుక్కుంటూ పోయే వాళ్లకు నాదొకటే సలహా. ఆడిషన్ అయిపోగానే లేచి రాకండి, అదే గదిలో ఒక్క పాఠం చెప్పమని అడగండి. మెచ్చుకోలుకు మురిసి నేను పెనుకొండలోనే ఆగిపోయేవాణ్ణి.

ఇంటికొచ్చి నందిని అంతా చెప్పింది. మా అన్న, "ఇన్నాళ్లూ గొంతు నొస్తావుంటే ఒక్క మాటన్నా చెప్పకూడదా తల్లీ" అని మాత్రం అన్నాడు. ఆ శనివారం భజనలో హార్మోనియం ఐదు శ్రుతిలో మొదలైంది. పైన అందక, కింద నిలవక మగవాళ్లమంతా అవస్థ పడ్డాం. "ఏమప్పా, ఇదేం శ్రుతి?" అని ఎవరో గొణిగినా మా అన్న మార్చలేదు. నందిని మాత్రం హాయిగా పాడుతూనే ఉంది.