ముర్రే నది మీద మూడో పిలుపు

ఆస్ట్రేలియాలో నేను దిగని పెద్ద నది లేదు. ఉత్తరాన అడిలైడ్ అని ఒక నది ఉంది. అక్కడ పడవలోంచి మాంసం వేలాడదీస్తే మొసళ్లు నిటారుగా ఎగిరి అందుకుంటాయి. అందులో మోకాళ్ల దాకా దిగి ముఖం కడుక్కున్నాను. కేథరీన్ లోయలో ఎర్రటి రాతిగోడల మధ్య తెడ్డు వేశాను. పెర్త్‌లో స్వాన్ నది ఒడ్డున నల్ల హంసలను అదిలించాను.

మా ఊళ్లోనే తామ్వే పేటలో ఉండే మా మరదలి కూతురు కొత్త మొగుడితో ఆ దేశం చూడబోతూ, ఏ నది దగ్గర ఏముంటుందో అడగడానికి బోటాటౌంగ్ రేవుపేటలోని మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఎత్తుకున్న మాటలివి.

"మొసలి నిన్నేటీ సెయ్యలేదా పెద్నాన్నా?"

"ముసిలి మాంసం అరగదని దానికీ తెలుసే."

పక్కన రొయ్యలు వలుస్తున్న మా ఆవిడ తలెత్తలేదు. అదే నాకు ఇబ్బంది. ఆవిడ నవ్వితే అబద్ధం ఇంకాస్త సాగేది. సరే, ఒప్పుకుంటాను. మెల్‌బోర్న్‌లో మా బావమరిది ఇంట్లో బొమ్మల కాగితాల మీద చూసిన నదులవి. నేను నిజంగా చూసింది ఒక్క ముర్రేనే.

ముర్రే మీద ఇల్లులాంటి పడవలు అద్దెకిస్తారు. వంటగది, మంచాలు, పైన కూర్చోవడానికి మేడ. కారు నడపడం వస్తే చాలు, మనమే నడుపుకోవచ్చు. పొద్దు వాలేలోగా గట్టున చెట్టుకు మోకులు కట్టేసుకోవాలి. గేలం వేయవచ్చు, వెనక కట్టిన చిన్న పడవలో పాయల్లో తిరగవచ్చు.

బావమరిది మా ఇద్దరినీ పడవలో ఉంచి, దాన్ని ఒక పాయ మొదట్లో కట్టేసి, స్నేహితుడి కారులో సరుకులకు ఊళ్లోకి పోయాడు. పాయ నిండా చచ్చిన చెట్లు. ఎప్పుడో నీరు నిలిచి చచ్చాయట, పడలేదు. ఎముకల్లా తెల్లగా, ఒక్క ఆకు లేకుండా నిలబడి ఉన్నాయి. వాటి కింద తలకిందులుగా మళ్లీ అవే చెట్లు. మన రేవులో నీరు పోటుకి ఎగువకు, పాటుకి దిగువకు పోతూనే ఉంటుంది. అక్కడి నీరు ఎటూ పోలేదు. నేను విసిరిన అగ్గిపుల్ల పడ్డచోటే ఉండిపోయింది.

మా ఆవిడ తండ్రి మా ఊరి నదికి అవతలున్న దలా రేవుకు సంపాన్, అంటే తెడ్డు పడవ, నడిపినవాడు. తెడ్డు చూస్తే ఆవిడ చేతులు ఊరుకోవు. చిన్న పడవ విప్పుకుని ఆ చెట్లలోకి పోయింది. పొద్దు కుంకింది. అంతవరకూ గోల చేసిన తెల్ల చిలకలన్నీ ఒక్కసారిగా నోళ్లు మూశాయి.

"మావా!"

ఆవిడ గొంతే. కానీ ఏ వైపు నుంచో తెలియలేదు.

రేవులో మూటలు మోసిన మా పెద్దవాళ్ల కట్టడి ఒకటుంది. సందెవేళ నీటి మీంచి పిలుపు వస్తే మూడోసారి దాకా పలకకూడదు. నీళ్లలో పోయినవాళ్లు రెండుసార్లే పిలవగలరు. పలికితే వెంట వస్తారు.

"మావా!" రెండోసారి, ఇంకాస్త దగ్గరగా.

లోపలికి పోయి తలుపు గడియ పెట్టాను. మూడోదాని కోసం చెవులు రిక్కించాను. రాలేదు. రాకపోతే అది ఆవిడ కాదన్నమాట. లేదా ఆవిడ నోట్లోకి నీళ్లు పోయాయన్నమాట. ఈ రెండో సంగతి తట్టేసరికి గడియ మీద చెయ్యి వేశాను.

"అప్పుడు దూకేసేను" అన్నాను పిల్లతో. "ఈదుకుంటా పోయి, మీ పెద్దమ్మని భుజానేసుకొచ్చీసేను."

"నీకు ఈతొచ్చా?"

రాదు. దూకలేదు. టార్చి పట్టుకుని గట్టున నిలబడ్డాను, అంతే. వెలుగు పడ్డ ప్రతి మానూ తెల్లచీర కట్టుకున్న మనిషిలా కనిపించింది. వాటి మధ్య చిన్న పడవ బోర్లాపడి, కదలకుండా ఉంది. చాలాసేపటికి ఒక మాను కదిలింది. కొమ్మను వదిలి, రొమ్ముల దాకా నీళ్లలో నడుచుకుంటూ వచ్చింది మా ఆవిడ. ఎందుకు పలకలేదని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

పిల్ల అటు తిరిగింది. "మూడోపాలి పిలవలేదేటి పెద్దమ్మా?"

మా ఆవిడ రొయ్య తల తుంచి పడేసింది.

"టార్చి ఒట్టుకొచ్చింది మా తమ్ముడే. గట్టు మీద కారు లైట్లు కనబడితే ఆడి పేరెట్టి కేకేసేను, ఆడొచ్చేడు. మీ పెద్నాన్న తెల్లారేదాకా గడి తియ్యనేదు. ఇంక మావా అంటావా, ఆయేల నాను ఒక్కపాలి కూడా అన్నేదు."